బిళ్ళ తెస్తేనే బిడ్డ

పేరయ్య మనుషులను ముఖం చూసి గుర్తుపట్టడు, సైకిల్ చూసి గుర్తుపడతాడు. యూనివర్సిటీ క్యాంపస్‌లో, తరగతి గదుల వెనక రేకుల కప్పు కింద ఆయన సైకిల్ స్టాండు చూసుకోబట్టి పంతొమ్మిదేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆయన నేర్చుకున్న పేర్లన్నీ అలాంటివే. ఒకరు బ్రేకుల్లేని పిలగాడు, ఒకరు చైన్ కవర్ సారు, ఇంకొకరు ఎర్ర సీటు మేడమ్. చైన్ కవర్ సారు ఒకసారి కొత్త సైకిల్ కొనుక్కొచ్చాడు. పేరయ్య వారం రోజులపాటు ఆయనను ఎవరో కొత్తగా వచ్చిన మాస్టరనుకుని, "అంతకుముందు గీడ ఒక సారుండె, మంచోడు. బదిలయిండో ఏమో" అని ఆయనకే చెప్పి బాధపడ్డాడు.

ముఖాలు ఆయనకు అవసరం లేదు కూడా. ఆయన దగ్గర ఇత్తడి బిళ్ళలున్నాయి, జతలు జతలుగా. ఒక బిళ్ళ సైకిల్ హ్యాండిల్‌కు వేలాడుతుంది, అదే నంబరున్న రెండో బిళ్ళ సైకిల్ పెట్టినవాళ్ళ జేబులోకి పోతుంది. బిళ్ళ తెచ్చినవాడిదే బండి. తేకపోతే వైస్ ఛాన్సలరైనా నడిచి పోవాల్సిందే. చైన్ కవర్ సారు ఒకనాడు అలాగే ఎండలో తార్నాక దాకా నడిచిపోయాడు. మర్నాడు బిళ్ళ వెతుక్కొచ్చి కోపంగా టేబుల్ మీద కొట్టాడు. పేరయ్య దాన్ని తిప్పి చూసి, నంబరు సరిపోల్చి, "ఇప్పుడు మీ బండి మీదే సార్. నిన్న ఎవలదో నాకేం ఎరుక?" అన్నాడు. పంతొమ్మిదేళ్ళలో ఒక్క సైకిల్ కూడా పోలేదు మరి.

పేరయ్యది ఆలేరు దగ్గర పల్లె. ఇరవై ఏళ్ళప్పుడు పట్నం వచ్చాడు. పెళ్ళాం, పిల్లలు చాలాకాలం ఊళ్ళోనే ఉన్నారు. పిల్లలకు పెళ్ళిళ్ళయ్యాకే భార్య సాలమ్మను తెచ్చుకుని అడిక్‌మెట్‌లో ఒక గదిలో కాపురం పెట్టాడు. ఆమె మధ్యాహ్నం సద్ది తెచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అనిపోతుంది. ఆ సంవత్సరం, అంటే పందొమ్మిది వందల అరవై ఏడు దసరా తరువాత, ఆమె అనడానికి గొప్ప కారణమే దొరికింది.

దసరా సెలవులయ్యాక ఒక పొద్దున లక్ష్మీనర్సయ్య అనే ఎం.ఏ. కుర్రాడు స్టాండుకు వచ్చాడు. పేరయ్య భాషలో చెప్పాలంటే, వంకర ముందుచక్రం పిలగాడు. సైకిల్ మామూలుగానే ఉంది. కానీ ఛాతీకి అడ్డంగా కట్టుకున్న పాతచీర జోలెలోంచి రెండు కాళ్ళు బయటికి వేలాడుతున్నాయి. ఆరు నెలల కాళ్ళు.

"కాకా, జర పట్టుకో. హాజరు పలికి ఉరికొస్త."

"ఏంది పట్టుకునేది?"

"మా పిలగాన్ని. రాజన్న."

"గిది సైకిల్ స్టాండు సార్."

"వీడు సైకిల్ కన్న చిన్నగనే ఉంటడు కాకా. జాగ ఎక్కువ పట్టడు."

పేరయ్య జోలెలోకి తొంగి చూశాడు. రాజన్న కూడా ఆయనను తీరుబడిగా చూశాడు. "స్టాండు లేని బండ్లను గోడకానిస్త. వీన్ని ఎట్ల ఆనియ్యాలె?" అని పేరయ్య గొణుగుతుండగానే లక్ష్మీనర్సయ్య బిడ్డను ఆయన చేతుల్లో పెట్టేసి గదివైపు పరుగు తీశాడు.

"ఓ సారూ! బిళ్ళ!"

లక్ష్మీనర్సయ్య ఆగాడు. స్టాండులోకి వచ్చినది ఏదైనా బిళ్ళ లేకుండా ఉండడానికి వీల్లేదు. పేరయ్య నలభై ఏడో నంబరు జత తీశాడు. ఒక బిళ్ళ తండ్రి చేతికిచ్చాడు, రెండోది రాజన్న మొలతాడుకు కట్టాడు. అప్పుడే ఆయన మనసు కుదుటపడింది.

సంగతేమిటంటే, లక్ష్మీనర్సయ్యది జనగామ దిక్కు వ్యవసాయ కుటుంబం. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కినవాడు ఇతనొక్కడే. భార్య ప్రమీలమ్మ లాలాగూడలో రైల్వే ఆసుపత్రి నర్సు. కొత్త ఉద్యోగం, ఇంకా పర్మనెంట్ కాలేదు. తెల్లవారగానే డ్యూటీకి వెళ్తే మళ్ళీ మధ్యాహ్నం మూడింటికి రావడం. తార్నాకలో ఒక పెంకుటింటి వెనక గదిలో ముగ్గురూ ఉంటారు. పోయినేడు సరిగ్గా పరీక్షల వారమే రాజన్న పుట్టాడు, లక్ష్మీనర్సయ్య పరీక్ష పోయింది. ఊళ్ళో తండ్రి ఒకే మాట చెప్పాడు: "ఈ ఏడు గూడ తప్పితివా, పుస్తకాలు ఆడనే ఇడిసిపెట్టి రా. నాగలి ఖాళీగనే ఉన్నది." అందుకని రోజూ బిడ్డను అడిక్‌మెట్‌లో ఉన్న మేనత్త సారలమ్మ దగ్గర దించి క్లాసుకు వచ్చేవాడు. దసరాకు కొడుకును చూస్తానని కాజీపేట వెళ్ళిన సారలమ్మ అక్కడే ఉండిపోయింది.

ఈ ముక్క అతను ప్రమీలమ్మకు చెప్పలేదు. చెబితే ఆమె సెలవు పెడుతుంది. సెలవు పెడితే ఉద్యోగం నిలబడదు. ఒక్కరోజు ఎట్లనో గడుపుదాం, రేపు చూద్దాం అనుకున్నాడు. అలా అనుకున్నది ఆరు నెలలు నడిచింది.

మొదట్లో పేరయ్యకు బిడ్డను ఎలా పట్టుకోవాలో తెలియలేదు. హ్యాండిల్ పట్టుకున్నట్టు రెండు చంకల కింద పట్టుకుని, చేతులు చాచి, దూరంగా పెట్టుకుని నిలబడేవాడు. సద్ది తెచ్చిన సాలమ్మ ఆ భంగిమ చూసి గంప దించి మరీ నవ్వింది.

"ముగ్గుర్ని కంటి. ఒక్కనికి ముక్కు తుడ్వక పోతివి. పండుగకొస్తే పిల్లలు నిన్ను జూసి ఎవరో సుట్టమొచ్చిండని నా ఎనక దాసుకునేటోళ్ళు. ఇప్పుడు ఎవల పిలగానికో ఆయావైతివా?"

"ఆయా ఏంది? బిళ్ళ కట్టిన. చూసుకోవద్దా?"

"గట్లనా! నా పిల్లలకు బిళ్ళలు కట్టకపోతి, తప్పాయె."

అని దెప్పిందే గాని, మర్నాడు తన పాతచీర తెచ్చి రేకుల కింది ఇనుపదూలానికి తొట్టెల కట్టింది ఆమే. పాలసీసా వేణ్ణీళ్ళలో ఎలా కడగాలో, తాగాక భుజాన వేసుకుని వీపు ఎలా నిమరాలో నేర్పింది. పేరయ్య ఆ పనంతా రిపేరు పని నేర్చుకున్నట్టు శ్రద్ధగా నేర్చుకున్నాడు. ఏడిస్తే సముదాయించే విద్య మాత్రం ఆయన సొంతం. స్టాండులో నూటయాభై సైకిళ్ళు, నూటయాభై గంటలు. రాజన్నను ఎత్తుకుని వరసెంట నడుస్తూ ఒక్కో గంటా మోగించేవాడు. రాజన్నకు చైన్ కవర్ సారు గంట తప్ప వేరేది నచ్చేది కాదు. సంక్రాంతి నాటికి ఆ గంట అరిగి బొంగురుపోయింది. సారు మూతి ముడుచుకుని, "నేనసలు దీన్ని కొట్టనే కొట్టను గదా!" అని ఆశ్చర్యపోతూ వెళ్ళేవాడు.

జనవరిలో ఇన్నయ్య అనే ఇంకో కుర్రాడు కూడా వచ్చాడు. అతని భార్య మిషన్ బడిలో పంతులమ్మ, అతనిది పరిశోధన, వాళ్ళకో ఆడపిల్ల. "కాకా, మీకాడ జాగుందని విన్న" అన్నాడు, ఇల్లు అద్దెకు అడిగినట్టు. పేరయ్య పన్నెండో నంబరు తీశాడు.

అంతా బాగానే నడుస్తుండగా ఒకరోజు పెద్ద పొరపాటే జరిగింది. సెమినార్‌లో వాదించి వాదించి బయటికొచ్చిన లక్ష్మీనర్సయ్య తలనిండా ధరలు, కూలిరేట్లు గిర్రున తిరుగుతున్నాయి. ఆ సమయానికి పేరయ్య రాజన్నను భుజానేసుకుని మంచినీళ్ళకు వెళ్ళాడు, బిళ్ళలు తీసుకుంటున్నది సాలమ్మ. అతను సైకిల్ బిళ్ళ ఇచ్చాడు, సైకిల్ తీసుకున్నాడు, ఎక్కి పోయాడు. తార్నాకలో ఇంటిముందు దిగి, తలుపు తీసి, పాలు కాచి, చల్లార్చి, సీసాలో పోసి, అప్పుడు జోలె ముడి విప్పబోయి చూస్తే జోలె లేదు.

తిరిగి క్యాంపస్ చేరేసరికి అతనికి ఊపిరాడడం లేదు. పేరయ్య భుజం మీద రాజన్న నిద్రపోతున్నాడు.

"రా సార్, రా. బండి యాదికున్నది, బిడ్డ యాదికి లేకపాయె. మంచిగుంది. టైర్లల్ల గాలి కూడ చూసుకుని పోయినవంట గద?"

"తప్పయింది కాకా."

"బిళ్ళేది?"

లక్ష్మీనర్సయ్య జేబు తడుముకుని తెల్లబోయాడు. పాలు కాచేటప్పుడు చొక్కా మార్చుకున్నాడు, బిళ్ళ ఆ చొక్కాలో ఉండిపోయింది.

"కాకా, నీకు నేను తెలుసు, పిలగాడు తెలుసు..."

"నాకెవ్వరూ తెల్వదు సార్. నాకు నలభై ఏడు తెలుసు."

అతను మళ్ళీ తార్నాక వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. ఆనాటి నుంచి స్టాండులో కొత్త కట్టుబాటు పుట్టింది. ముందు బిడ్డ, వెనక బండి. బిడ్డను తీసుకోనిదే తండ్రులెవరికీ సైకిల్ దక్కదు.

ఏప్రిల్‌లో పరీక్షలు మొదలయ్యాయి. రెండో పేపరు నాడు పది గంటలకు లక్ష్మీనర్సయ్య హాల్లోకి వెళ్ళాడు, ఒంటిగంట దాకా బయటికి రాడు. పోయినేడు ఈ పేపరు దాకా కూడా రాలేకపోయాడని పేరయ్యకు తెలుసు. అందుకే పొద్దున అతను బిళ్ళ జేబులో వేసుకుంటుంటే, "ఇయ్యాల పిలగాని సంగతి మర్చిపో సార్. నువ్వు మర్చిపోవుడు నేర్చినోనివే గద" అని ధైర్యం చెప్పి పంపాడు.

అదే రోజు ఆసుపత్రిలో ఎవరో డ్యూటీ మార్చుకోవడంతో ప్రమీలమ్మ పదింటికే బయటపడింది. పరీక్ష రాసి అలిసి వచ్చేవాడికి బిడ్డను మోసే పని తప్పిద్దామని నేరుగా అడిక్‌మెట్ వెళ్ళింది. సారలమ్మ ఇంటికి తాళం. తాళానికి తుప్పు.

"సారలవ్వనా? దసరాకు పాయె గద!" అంది పక్కింటి లింగమ్మ, చాటలో బియ్యం చెరుగుతూ. ప్రమీలమ్మ ముఖం చూసి ఆమె చెయ్యి ఆగింది. "పిలగాడా? సైకిల్ స్టాండ్ల ఉంటడు కదమ్మా. అడిక్‌మెట్ అంత ఎరుకే. నీకెరుక లేదా?"

పదకొండున్నరకు ప్రమీలమ్మ స్టాండు ముందు నిలబడింది. తెల్లచీర, తల మీద నర్సు టోపీ, ఎండకు ఎర్రబడిన ముఖం. స్టాండుకు అడ్డంగా కట్టిన తాడు అవతల, సైకిళ్ళ మధ్య, తొట్టెల అంచు పట్టుకుని తన కొడుకు నిలబడి ఉన్నాడు. మొలతాడుకు ఇత్తడి బిళ్ళ మెరుస్తోంది.

"రాజన్నా!"

పేరయ్య తాడు దగ్గరికి వచ్చాడు. "ఏం నంబరమ్మా?"

"నంబరేంది? నా కొడుకు! ఇటియ్యి."

"బిళ్ళ తేవాలె."

"కన్నతల్లినయ్యా నేను!"

"అయితవు కావచ్చు బిడ్డా. ఇంతవరకు నేను చూడలే. బిళ్ళ లేనోళ్ళందరు మాదే, మాదే అనే అంటరు."

రాజన్న తల్లిని చూసి రెండు చేతులూ చాచి కేకలు పెట్టాడు. "చూడు! వాడే వస్తుండు నా దగ్గరికి! ఇంకేం సాక్ష్యం గావాలె?" అంది ప్రమీలమ్మ.

"సైకిల్ గూడ ఎవలు పట్టుకుంటే వాళ్ళెంట పోతదమ్మా. గట్లని ఇచ్చేస్తనా?"

వార్డులో డాక్టర్లచేత కూడా చెప్పులు బయట విడిపించే మనిషి ఆమె. అలాంటి మనిషిని ఒక సైకిల్ స్టాండు ముసలాయన తాడు అవతల నిలబెట్టాడు. "మంచిది. బిళ్ళ ఎవల జేబుల ఉన్నదో వాన్నే పట్టుకొస్త. హాలు ఏదిక్కు?" అని గిరుక్కున తిరిగి నడిచింది.

పేరయ్య ఆమె పోతున్న దిక్కే చూశాడు. ఈమె వెళ్ళి హాలు గుమ్మంలో నిలబడి పిలిస్తే ఇంకేముంది? ఆ పిలగాడు కలం పారేసి పరుగెత్తుకొస్తాడు. మళ్ళీ ఏడాది పోతుంది, నాగలి ఖాళీగానే ఉంది. బిడ్డను ఇచ్చేస్తే ఈమె నోరు మూసుకుని ఇంటికి పోతుంది. కానీ ఈమె నిజంగా తల్లేనా? ఒంటిగంటకు అతనొచ్చి బిళ్ళ చాపితే చేతిలో ఏం పెట్టాలి? పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి పేరయ్య ఎవరికీ అప్పజెప్పకుండా స్టాండు వదిలి, చంకలో ఇన్నయ్య కూతురితో సహా, రోడ్డు మీదికి ఉరికాడు.

"ఆగు బిడ్డా, ఆగు! ఇప్పుడు పిలిస్తే ఆయన ఏడాది పోతది. నీ కాల్మొక్త."

"అయితే నా కొడుకునియ్యి."

"బయటికియ్య. నువ్వే లోపలికి రా. లోపల ఎత్తుకో, పాలియ్యి, ముద్దాడు, నీ ఇష్టం. తాడు మాత్రం దాటిపియ్యొద్దు. బిళ్ళ వచ్చేదాక ఇద్దరు గీడనే ఉండాలె."

"అంటే నన్ను గూడ స్టాండ్ల పెడ్తవా?"

పేరయ్య నిజాయితీగా ఆలోచించాడు. "నీకు బిళ్ళ కడ్తలేను గద" అన్నాడు.

రాజన్న ఏడుపు అక్కడిదాకా వినిపిస్తోంది. ఆ ఏడుపే నెగ్గింది. ప్రమీలమ్మ తాడు కిందినుంచి వంగి లోపలికి వెళ్ళి, బెంచీ మీద కూర్చుని బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. కోపం తీరక చుట్టూ తప్పులు వెతికింది. సీసా వాసన చూసింది, శుభ్రంగా ఉంది. తొట్టెల గుడ్డ చూసింది, ఉతికి ఉంది. బిడ్డ చెవుల వెనక, మెడ మడతల్లో చూసింది, పౌడరుంది. తప్పు దొరకకపోవడంతో కోపం ఇంకా పెరిగింది.

"నూనె పెట్టి రుద్దితివా వీన్ని?"

"మా ముసల్ది రుద్దింది. ఎందుకు?"

"ఏం లేదు" అంది ముక్తసరిగా. డ్యూటీ తొందరలో తాను రోజూ అంత బాగా రుద్దలేకపోయేది.

ఇంతలో ఇంకో చిక్కు వచ్చిపడింది. క్లాసులయిపోయిన కుర్రాళ్ళిద్దరు సైకిళ్ళకని వచ్చి, స్టాండులో తెల్లచీర నర్సును, ఆమె పక్కన ఏడుస్తున్న పసిపిల్లను చూశారు. ఆ రోజుల్లో మశూచి టీకాల బృందాలు బస్తీ బస్తీ తిరుగుతున్నాయి. సూది అంటే క్యాంపస్‌లో ఎంత చదివినవాడికైనా చెమట పడుతుంది. ఇద్దరూ వచ్చిన దారినే వెనక్కి నడిచారు, తరువాత పరుగెత్తారు. పావుగంటలో మాట చెట్టు చెట్టుకూ పాకింది: సైకిల్ స్టాండులో పట్టుకుని మరీ టీకాలేస్తున్నరు. దొరికిన పసిపిల్లలను కూడ వదుల్తలేరు.

పన్నెండున్నరైనా ఒక్కడూ సైకిల్ కోసం రాలేదు. పేరయ్యకు ఏమీ అర్థం కాలేదు. "ఏమైంది పోరగాళ్ళకు? సమ్మెనా?" అని తాడు పట్టుకుని అటూ ఇటూ చూశాడు. దూరంగా వేపచెట్టు వెనకనుంచి చైన్ కవర్ సారు తల ఒకసారి బయటపడి మళ్ళీ లోపలికి పోయింది.

ఒంటిగంటకు హాలు తలుపులు తెరుచుకున్నాయి. మెట్ల మీదే ఇన్నయ్య ఎదురొచ్చాడు. "లక్ష్మీనర్సయ్యా, స్టాండు దిక్కు పోకు! సూదులేస్తున్నరంట! నీ కొడుకును ఒక నర్సు ఒళ్ళో కూసోబెట్టుకున్నదంట, ఇడుస్తలేదంట! నా బిడ్డ సంగతి ఎవలూ చెప్తలేరు!"

ఇద్దరు తండ్రులూ పరుగెత్తారు. తాడు దగ్గరికి వచ్చేసరికి లక్ష్మీనర్సయ్య, "సిస్టర్, వానికి ఆల్రెడీ..." అని మొదలుపెట్టి, ఆ సిస్టర్ ఎవరో చూసి నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

"చెప్పు" అంది ప్రమీలమ్మ. "అత్తమ్మ కులాసానా? మోకాళ్ళ నొప్పులు తగ్గినయా? నిన్ననే అడిగితి గద, తగ్గినయంటివి."

"ప్రమీలా, అది..."

"బిళ్ళ" అన్నాడు పేరయ్య, మధ్యలో చెయ్యి చాపి.

"కాకా, ఒక్క నిమిషం..."

"తిట్లు తర్వాత తినొచ్చు. ముందు బిళ్ళ."

లక్ష్మీనర్సయ్య జేబులోంచి నలభై ఏడు తీసి ఇచ్చాడు. పేరయ్య రాజన్న మొలతాడుకున్న దానితో సరిపోల్చి, ముడి విప్పి, ప్రమీలమ్మ ఒళ్ళోంచి బిడ్డను ఎత్తి తండ్రికి అందించాడు. లక్ష్మీనర్సయ్య ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయకుండా బిడ్డను మళ్ళీ ఆమె చేతుల్లో పెట్టాడు. పేరయ్యకు ఇప్పుడు శాంతి కలిగింది. పద్ధతి ప్రకారం జరిగింది.

"ఆరు నెలలు నాతోని అబద్ధమాడినవు."

"చెప్తే సెలవు పెడ్తవు. నీ నౌకరి పోతది."

"చెప్పకపోతే నేనేం కావాలె? బంద్ తలుపు ముందట నిలబడితి. నా పానం ఎట్లయిందో ఎరుకేనా?" అతను తల దించుకున్నాడు. ఇన్నయ్య తన కూతురిని తీసుకుని, ఎందుకైనా మంచిదని, ఆమె చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

ప్రమీలమ్మ ముక్కు తుడుచుకుని, "పేపరెట్ల రాసినవు?" అని అడిగింది, తిడుతున్నంత గట్టిగా.

"మంచిగనే రాసిన."

"మంచిగ రాసినవు కాబట్టి బతికినవు." అప్పుడు పేరయ్య వైపు తిరిగింది. "పెద్దయ్యా, ఎల్లుండి ఆఖరి పేపరు. ఆనాడు నా డ్యూటీ రెండింటికి మారింది. ఒంటిగంట లోపల నేనొస్తే?"

"బిళ్ళ తెచ్చినోళ్ళకే ఇస్త" అన్నాడు పేరయ్య. తరువాత గడ్డం గోక్కున్నాడు. ఒక బండికి ఇద్దరు యజమానులు రావడం ఆయన ఎన్నడూ చూడలేదు. బిడ్డ విషయం వేరే అన్న సంగతి ఆయనకు అప్పుడే తట్టింది. ఆ సాయంత్రం తార్నాకలో ఒక రేకుల పనివాడి దగ్గర కూర్చుని, నాలుగుకు తోక సరిగ్గా రావడం లేదని మూడుసార్లు చెరిపించి, కొత్త బిళ్ళలు కొట్టించుకున్నాడు. బిడ్డలకు మాత్రం ఇక నంబరుకు మూడేసి బిళ్ళలు: మొలతాడుకు ఒకటి, నాయినకు ఒకటి, అమ్మకు ఒకటి.

ఆఖరి పేపరు నాడు ఒంటిగంటకు పది నిమిషాల ముందే ప్రమీలమ్మ బిళ్ళ పట్టుకుని వచ్చింది. ఒంటిగంటకు లక్ష్మీనర్సయ్య వేళ్ళ నిండా సిరాతో, ముఖం నిండా నవ్వుతో, బిళ్ళ పట్టుకుని వచ్చాడు. అప్పటికి ఆమె ఇంకా తాడు ఇవతలే నిలబడి ఉంది.

"బిళ్ళ ఇచ్చినవా?"

"ఇస్త అంటే తీసుకుంటలేడు."

పేరయ్య వేలు పెదాల మీద పెట్టుకుని తొట్టెల వైపు చూపించాడు. "ఇప్పుడే నిద్రవొయిండు. నిద్రల ఉన్న బిడ్డను నేను ఎవలకూ ఇయ్య. ఒక్క బిళ్ళ తెచ్చినా ఇయ్య, రెండు తెచ్చినా ఇయ్య. లేసేదాక ఆడ కూసోండ్రి."

బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. ఒకరికి పరీక్ష అయిపోయింది, ఒకరికి డ్యూటీకి ఇంకా గంట ఉంది. ఇద్దరి చేతులూ ఖాళీగా ఉండి ఎన్ని నెలలయిందో ఇద్దరికీ గుర్తులేదు. పేరయ్య వాళ్ళకు వీపు తిప్పి, తొట్టెల తాడు నెమ్మదిగా ఊపుతూ, బ్రేకుల్లేని పిలగాడు గంట కొట్టబోతుంటే అటువైపు కళ్ళెర్రజేశాడు.